వదిన పేరు మీది గోలీలు

ఘుగ్గుస్, గని కాలనీ
మే నెల

జయ వదినకు హేమలత దండాలు.

ఫోన్ చేతిలో ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావని తెలుసు. నీ ఫోన్ వస్తే చాలు, మా ఆయన, అదే మీ సుదర్శనన్న, "స్పీకర్ పెట్టు, నేను గూడ మాట్లాడుత" అంటూ పక్కన చేరతాడు. ఆయన వినకూడని మాట ఒకటుంది. ఆయన మరాఠీ బడిలో చదివినవాడు, తెలుగు మాట్లాడతాడు గానీ చదవడం రాదు. నువ్వు మా అన్నను పెళ్లి చేసుకుని వచ్చిన కొత్తలో పత్తి ఏరడానికి పోయినప్పుడల్లా నాకు నేర్పిన అక్షరాలు ఇన్నేళ్లకు అక్కరకొచ్చాయి. తప్పులుంటే దిద్దుకుని చదువు.

సంగతేమిటంటే, వచ్చే నెల గనిలో మెడికల్ ఉంది. బొగ్గు మోసే డంపర్లు నడిపేవాళ్లను వంతులవారీగా పిలిచి కళ్లు, చెవులు, బీపీ అన్నీ చూస్తారు. బీపీ ఎక్కువుంటే డంపర్ మీంచి దించేస్తారు. మొన్న ఈయన మందుల దుకాణం ముందు ఊరికే చెయ్యి చాపి చూపించుకుంటే దుకాణదారు మొహం మారిపోయిందట. రెండోసారి చూసి "డాక్టర్‌కు చూపించు దాదా" అన్నాడట. ఈయన నాకూ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంటే నేనే పట్టుబట్టి అడిగాను.

"డంపర్ దించిండ్రంటే నన్ను ఎవడు మనిషి లెక్క చూస్తడు హేమా? స్టోర్ల కూసోని బోల్టులు తుడవాల్నా?" అన్నాడు.

డాక్టర్ దగ్గరికి పోదామంటే వినడు. గని ఆసుపత్రికి పోతే రోగుల పుస్తకంలో పేరెక్కుతుంది. బయట చూపించుకుందామంటే "ఘుగ్గుస్‌ల ఎవని కంట పడకుంట పోతవ్? సందుకొక మనోడుంటడు" అంటాడు. మా మామ పోశం సంగతి నీకు తెలుసు కదా. తెలంగాణ నుంచి ఈ గనికి పనికొచ్చి, ఒకరోజు డ్యూటీకి తయారవుతూ గడపలోనే కూలిపోయాడు. "ఏ రోగం లేని మనిషి" అని అత్త మల్లవ్వ ఇప్పటికీ అంటుంది. రోగం లేదో, చూపించుకోలేదో ఎవరికి తెలుసు?

నీకు దవాఖానలో బీపీ గోలీలు ఇస్తున్నారని చెప్పావు. కొన్ని పంపుతావా? మెడికల్ దాటేదాకే. మన ఊరి లచ్చయ్య కాక కూతురింటికని ఇక్కడికి వస్తూనే ఉంటాడు, ఆయన చేతికివ్వు. మా మధుకరన్నకు మాత్రం చెప్పకు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

నీ జవాబు కోసం కాలు నిలవని
హేమ


లింగాపూర్, గడ్‌చాందూర్ దగ్గర
మే నెలాఖరు

ముద్దుల ఆడబిడ్డకు,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మొత్తం మొగుడి మాటే వినని దాన్ని, అర్ధమొగుడి మాట వింటానా అని నీకు అనుమానం వచ్చి ఉంటుంది. విన్నాను. కందిపప్పు మూటలో అడుగున చూడు. పొద్దున ఒకటి, తిన్నాక.

మా దవాఖాన ముచ్చట చెబితే నువ్వు నవ్వుతావు. ఇప్పుడు ఏ రోగమని పోయినా ముందు చేతికి పట్టా చుట్టి బీపీ చూస్తారు, వేలు గుచ్చి షుగర్ చూస్తారు, టేపు తెచ్చి నడుము కొలుస్తారు. దవాఖానకు వచ్చామో జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చామో తెలియదు. నేను పోయింది మోకాలి నొప్పికి, చేతిలో పెట్టింది బీపీ గోలీలు. మొన్న మన ఊరి హనుమంతును తేలు కుట్టింది. ఒక చెయ్యి మంటకు విదిలిస్తుంటే రెండో చేతికి పట్టా చుట్టారు. బీపీ ఉందన్నారు. "తేలు కుడితే ఎవలికైన పెరుగతది గద సిస్టర్!" అని అరిచాడు. వారం తర్వాత తేలు లేకుండా పిలిచి చూసినా అంతే ఉంది. ఆ రోజు నుంచి మనిషి నీరసపడ్డాడు, రోగం తేలుదే అయితే బాగుండేదని.

డాక్టరమ్మ కొత్తగా వచ్చిన పిల్ల. వరసలో ఉన్న మమ్మల్నందర్నీ చూసి, "మీరు దగ్గుకు వచ్చారు, జ్వరానికి వచ్చారు. మీలో సగం మందికి పైగా గుండెకు చేటు తెచ్చేది ఏదో ఒకటి మోసుకుని తిరుగుతున్నారు. అది నొప్పి పెట్టదు, అందుకే మీరు నమ్మరు" అంది. పొగాకు, వక్క కలిపిన ఖర్రా తింటారా అని అడిగితే ఖర్రా దవడలో పెట్టుకుని మరీ లేదన్నవాళ్లున్నారు. నేనూ లేదన్నాను. పళ్లకు రుద్దుకునే తంబాకు పొడి తిండి కాదు కదా.

నా సంగతికి నువ్వేం బెంగపెట్టుకోకు. నాకు మళ్లీ ఇస్తారు.

అర్ధమొగుడి మాట జవదాటని
జయ


ఘుగ్గుస్
జూన్ నెలాఖరు

వదినా,

గట్టెక్కాం! మెడికల్‌లో డాక్టర్ బీపీ చూసి తలూపి పంపించేశాడట. ఈయన వస్తూ దూద్‌పేడాలు తెచ్చి వాకిట్లో కనిపించిన వాళ్లందరికీ పంచాడు. పక్కింటి దత్తు కూడా డంపర్ మనిషే, ఆయనా పాసయ్యాడు. ఇద్దరూ కొత్త పెళ్లికొడుకుల్లా తిరిగారు ఆ రోజంతా. మెడికల్ కోసం మానేసిన ఖర్రా ఆ సాయంత్రమే మళ్లీ దవడలోకి చేరింది.

"నా బీపీ పోయింది. అప్పుడు దుకాణపోని మిషిన్ల తప్పుండె" అంటున్నాడు. పరీక్షకు ముందు మింగిన గోలీలు ఎటు పోయాయి మరి? పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది ఈయన వ్యవహారం.

నువ్వు పంపినవి అయిపోయాయి. అయిపోయిన మూడో నాటికే మెడ వెనక నొప్పి, తలపోటు మొదలయ్యాయి. మింగినన్నాళ్లు మనిషి ఎంత బాగున్నాడో నేను చూశాను కదా. నాకిప్పుడు ఒకటే తోస్తోంది, ఆయన డాక్టర్ దగ్గరికి పోకపోతే మందైనా ఆయన దగ్గరికి రావాలి. ఇంకొన్ని పంపు. చాయ్‌తో పాటు చేతిలో పెడితే మాట్లాడకుండా మింగుతాడు.

ఇది దొంగపని అని తెలుసు. అయినా మందే కదా, విషం కాదు కదా అని సర్దిచెప్పుకుంటున్నాను. సర్దిచెప్పుకున్నా మనసు నిలవడం లేదు. గని సైరన్ మోగినా, వాకిట్లో బండి ఆగినా బయటికి పరుగెత్తుతున్నాను. బట్టలు ఆరేసిన చోటే మరిచిపోతున్నా, మసి పట్టి మళ్లీ ఉతుక్కుంటున్నా. అత్త "ఏందే పిల్లా, గట్ల ఇంట్లకు బయటకు తిరుగుతనే ఉన్నవ్" అంటుంది. ఆమెకేం చెప్పను?

నీ ఒంట్లో ఎలా ఉంది? గోలీలు నీకు సరిపోతున్నాయా? ఆ మాట రాయలేదు నువ్వు.

హేమ


లింగాపూర్
జులై

హేమకు,

వానలు పట్టుకున్నాయి, పత్తి మొలక బాగుంది. మీ మధుకరన్న బురదలోనే ఉంటున్నాడు. లచ్చయ్య కాక తొందర చేస్తున్నాడు కాబట్టి నాలుగు ముక్కలే రాస్తున్నాను.

గోలీలు ఈసారి మార్చారు. ఒకటి పెద్దది, దానితో పాటు మునుపటి చిన్నది. రెండూ పొద్దున్నే. ఇవి ఇంకా మంచివై ఉంటాయి, లేకపోతే ఎందుకిస్తారు? డాక్టరమ్మ నా బీపీ చూసి, "రోజూ వేసుకుంటున్నారా?" అని నా కళ్లలోకి చూస్తూ అడిగింది. వేసుకుంటున్నానన్నాను. "మరి దిగదేం?" అంది. ఆ పిల్ల అలా ఆలోచిస్తూ నిలబడితే నాకే పాపమనిపించింది.

నీకు పంపగా మిగిలినవి నాకు చాలు. ఈ విషయం ఇక అడగకు. ఎడమ చెయ్యి కాస్త తిమ్మిరిగా ఉంటోంది, కలుపు తీయడం వల్లే.

సుదర్శనన్నను ఖర్రా తగ్గించమను.

జయ


ఘుగ్గుస్
ఆగస్టు, ఎద్దుల పోలా పండుగ వెళ్లిన మర్నాడు

వదినా,

భయపడకు, ఆయన బతికే ఉన్నాడు. ముందు అది రాసి తర్వాత మిగతాది రాస్తున్నాను.

పొద్దున షిఫ్ట్‌కు పోయేముందు నువ్వు పంపిన రెండు గోలీలూ చేతిలో పెట్టాను. మూట ఆలస్యంగా అందడంతో వారం నుంచే ఇస్తున్నాను. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయని రెండుసార్లు అన్నాడు. ఎండకు అనుకున్నాను, తిండి తగ్గిందనుకున్నాను, అన్నీ అనుకున్నాను గానీ ఆ గోలీలను అనుకోలేదు. బొగ్గు నింపుకుని గని లోపల్నుంచి పైకి వస్తుండగా కళ్లు చీకట్లు కమ్మాయట. డంపర్ దారి అంచున పోసిన మట్టికట్టకు ఆనుకుని పక్కకు ఒరిగి ఆగింది. ఆ కట్ట అవతల లోయ. వెనక డంపర్‌లో వస్తున్న దత్తు దిగి పరుగెత్తి పైకెక్కి చూస్తే ఈయన స్టీరింగ్ మీద తల పెట్టి పడున్నాడు.

అందరూ మెచ్చుకుంటున్నారు. కళ్లు కనబడని స్థితిలో కూడా బ్రేక్ వేశాడు, బండిని కట్ట మీదికి తిప్పి ఆపాడు, ఎంత గుండె ధైర్యం అని. ఈయన ఎవరికీ జవాబు చెప్పడం లేదు.

గని ఆసుపత్రిలో బీపీ బాగా పడిపోయిందన్నారు. డాక్టర్ అడిగాడు, "ఏమన్నా మందు వాడుతున్నావా?" అని. ఈయన లేదన్నాడు. నేను అక్కడే, మంచం కోడు పట్టుకుని నిలబడి ఉన్నాను. డాక్టర్ నా వైపు కూడా చూశాడు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. ఎందుకు పడిపోయిందో ఆయనకు అంతుబట్టక సెలైన్ పెట్టి, చంద్రపూర్ పంపి గుండె పరీక్షలు చేయిస్తానన్నాడు. అవి బాగుంటే మళ్లీ డంపర్ ఎక్కొచ్చట.

ఇంటికొచ్చాక ఈయన ఒక్కటే మాటన్నాడు. "నోరిప్పినవంటే నేను రోడ్డు మీద పడ్డట్టే."

చెబితే ఆయన డంపర్ పోతుంది. చెప్పకపోతే మళ్లీ అదే డంపర్ ఎక్కుతాడు. నాకు కూర్చోవడానికి తోచదు, నిలబడటానికి తోచదు.

నాకు నిజం రాయి వదినా. ఆ పెద్ద గోలీ నీకు ఎందుకిచ్చారు? నీ బీపీ ఎందుకు దిగలేదు? నువ్వసలు వేసుకుంటున్నావా?

హేమ


లింగాపూర్
ఆగస్టు

హేమా,

వేసుకోలేదు. నువ్వు అడిగిన నాటి నుంచి ఒక్కటి కూడా.

నాకు నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఉందని వాళ్లు అంటేనే ఉన్న రోగం కదా, ఆ గోలీలు నాకెందుకు, అక్కడ మనిషి ఉద్యోగం నిలుస్తుంది కదా అనుకున్నాను. సగం పంపి సగం మింగితే నీకు తొందరగా అయిపోతాయని అన్నీ పంపాను. నీ కళ్లముందు గొప్ప వదిననవుదామని కూడా ఉండింది, అబద్ధమెందుకు.

ఎలా జరిగిందో నిన్నంతా కూర్చుని ఆలోచించాను. నేను మింగకపోతే నా బీపీ దిగలేదు. దిగలేదని డాక్టరమ్మ మందు పెంచింది. పెంచిన మందు నీకు పంపాను. నా రోగానికి కూడా కాదు, నా అబద్ధానికి కొలిచి ఇచ్చిన మందది. చిన్న గోలీతోనే కుదుటపడిన మనిషి దాన్ని మింగి డంపర్ ఎక్కాడు. ఆ కట్ట లేకపోతే నేను నీ మొహం ఎలా చూసేదాన్ని?

మధుకర్‌కు చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఎద్దులకు మేత వేస్తున్నవాడు అది అక్కడే వదిలేసి "బండెక్కు" అన్నాడు. నేరుగా దవాఖానకే తీసుకుపోయాడు. డాక్టరమ్మకు అన్నీ చెప్పాను, చేతి తిమ్మిరి సంగతి, పళ్లకు రుద్దే తంబాకు సంగతితో సహా. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "నేను రోజూ రాత్రి పుస్తకాలు తిరగేశానమ్మా, మీకు మందెందుకు పనిచేయట్లేదని" అంది. నాకు ఏడుపు ఆగలేదు. మళ్లీ చిన్న గోలీ నుంచే మొదలుపెట్టింది. ఈసీజీ అంటారే, ఆ గుండె పట్టీ తీసింది, చంద్రపూర్ పొమ్మంది. మధుకర్ నన్ను సోమవారం తీసుకుపోతున్నాడు.

ఇక నా దగ్గర్నుంచి కందిపప్పు వస్తుంది, మిరపకాయలొస్తాయి, గోలీ మాత్రం రాదు. నువ్వు పోయి గని డాక్టర్‌కు చెప్పు. నా పేరు కూడా చెప్పు, దాచకు. సుదర్శనన్న నిన్ను తిడితే తిట్టనీ. నా మీద కోపమొస్తే రమ్మను, వచ్చి నా ముందే తిట్టమను.

నీ వదిన


ఘుగ్గుస్
సెప్టెంబర్

వదినా,

నీ ఉత్తరం అందిన మర్నాడే చెప్పేశాను. ఆయన చంద్రపూర్‌లో పరీక్షకు పోయిన పూట, గోలీల ఖాళీ అట్టలు కొంగులో కట్టుకుని ఒక్కదాన్నే గని ఆసుపత్రికి పోయాను. డాక్టర్ అట్టల వెనక రాసింది చదివి, "ఎవరివమ్మా ఇవి?" అన్నాడు. "మా వదినవి" అన్నాను. ఆ మందుల పేర్లు కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత ఈయన్ని ఏ గోలీ లేకుండా వారం ఉంచి చూస్తే బీపీ మళ్లీ ఎక్కి కూర్చుంది, షుగర్ కూడా అంచుమీద ఉందన్నారు. ఇప్పుడు ఆయన పేరు మీదే, ఆయన ఒంటికి చూసి ఇచ్చిన గోలీ వేసుకుంటున్నాడు. డంపర్ దించి స్టోర్‌లో వేశారు. మళ్లీ ఎక్కిస్తారో లేదో ఆరు నెలల తర్వాత చూస్తామన్నారు.

ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. తిట్టినా బాగుండేది. అన్నం పెడితే తింటాడు, గోలీ పెడితే మింగుతాడు, నా వైపు చూడడు. ఏమన్నా కావాలంటే అత్తతో చెబుతాడు. "నీ పెండ్లం నీ పానం కాపాడింది కొడుకా" అని అత్త అంటే లేచి బయటికి పోతాడు. తప్పు చేశానా అని అప్పట్నుంచీ కుమిలిపోతున్నాను వదినా. సంగతి కాలనీ అంతా పాకింది, బయటికి పోతే చూపులు.

ఇవాళ మధ్యాహ్నం జరిగింది రాయడానికే కూర్చున్నాను.

కోమల వచ్చింది ముందు, ఆమె భర్త కూడా డంపర్ నడుపుతాడు. పచ్చడికని గిన్నె తెచ్చింది, గిన్నె పక్కన పెట్టి గొంతు తగ్గించి, "అక్కా, నువ్వు మీ ఆయనకు ఏ గోలీ ఇచ్చినవ్? చిన్నది చాలునట గద. మా ఆయనకు వచ్చే నెల మెడికల్ ఉంది" అంది. నేను తేరుకోకముందే పక్కింటి దత్తు భార్య వైశాలి వచ్చింది. కోమలను చూసి ఆగిపోయింది. కోమల ఆమెను చూసింది. ఇద్దరికీ అర్థమైపోయింది, ఒకే పని మీద వచ్చారని. నన్ను వెలివేస్తారని భయపడుతుంటే, వదినా, వీళ్లు నీ అడ్రసు అడగడానికి వచ్చారు! మా సందులోనే నాలుగిళ్లలో ఇదే కథ నడుస్తోందని అప్పుడే తెలిసింది. ఒకరిది అమ్మ గోలీ, ఒకరిది మామ గోలీ. అందరి ఇళ్లలోనూ బీపీ ఉంది, ఎవరి పేరు మీదా లేదు.

"మా అమ్మవి అయిపోయినయ్ అక్కా" అంది వైశాలి. "దత్తుకు తల నొస్తుందంటే ఇయ్యాల పొద్దుగాల ఆఖరివి రెండు ఒక్కసారే ఇచ్చి పంపిన."

ఇవాళ సెలవని లోపల మంచం మీద పడుకున్న ఈయన లేచి గడపలోకి వచ్చాడు. ఇన్ని రోజులకు ఆయన నోరు విప్పడం నేను విన్నాను.

"నేను బ్రేక్ వెయ్యలె" అన్నాడు.

ముగ్గురం ఆయన వైపు చూశాం.

"అందరు నేను ఆపిన అంటరు. నేను ఆపలే. కాలు యాడున్నదో నాకే తెల్వలె. కండ్లు చీకటైతున్నప్పుడు ముంగట జీపుండె. సర్వే చేసే ఆదర్శ్ సార్ కూసున్న జీపు. వెనకకు తిరిగి నాకు చెయ్యి ఊపుతుండె ఆ పోరడు. ఇగ నాకు ఏం కానరాలె. కండ్లు తెరిచినప్పుడు ముందుగాల జీపు కోసమే చూసిన. డంపర్ దానంతట అదే కట్ట దిక్కు పోయింది. జీపు దిక్కు పోతే పోయేది గద?"

అప్పుడు తెలిసింది వదినా, నా మీద కోపంతో కాదు ఆయన మాట్లాడనిది. మెచ్చుకున్న వాళ్లందరి ముందు ఈ మాట లోపల పెట్టుకుని తిరిగాడు. నేను ఆయన పక్కనే ఉండి కనిపెట్టలేకపోయాను.

తర్వాత వైశాలిని అడిగాడు. "దత్తు ఇప్పుడు యాడున్నడు?"

"షిఫ్ట్‌లనే" అంది. అంటూనే ఆమె మొహం తెల్లబోయింది.

ఈయన చెప్పులు కూడా వేసుకోలేదు. ఆ మండే రోడ్డు మీద గని గేటు వైపు పరుగెత్తాడు, వెనకే వైశాలి. కోమల గిన్నె ఇక్కడే వదిలేసి భర్తకు ఫోన్ చేస్తూ ఇంటికి పోయింది. నేను కాగితం ముందు పెట్టుకుని నీకు రాస్తున్నాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది. నువ్వు చంద్రపూర్‌లో చూపించుకున్నావు కదా, ఏమన్నారు? తిమ్మిరి తగ్గిందా? నాకు దాచకుండా రాయి. నేనూ ఇకమీద నీకు ఏదీ దాచను.

వస్తున్నారు! సందు మొదట్లో కనబడుతున్నారు, ముగ్గురూ నడిచే వస్తున్నారు. దత్తు మధ్యలో ఉన్నాడు. పనిలో ఉండగా అందరి ముందూ డంపర్ మీంచి దింపి లాక్కొచ్చినందుకు మా ఆయన్ని తిడుతున్నాడు, ఆ తిట్లు వాకిట్లో ఉన్న నాకే సిగ్గేసేలా ఉన్నాయి. ఈయన తల వంచుకుని అన్నీ పడుతున్నాడు. దత్తు చెయ్యి మాత్రం వదలడం లేదు.

నీ హేమ